పంట సమస్యల ఛాయాచిత్రీకరణలో పాత డీఎస్ఎల్ఆర్, కొత్త సూపర్‌జూమ్ కెమెరాలు: నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాల దృష్ట్యా ఒక తులనాత్మక పరిశీలన

సారాంశం

క్షేత్ర సందర్శనలలో తీసే ఛాయాచిత్రాల ఆధారంగా పంట సమస్యలను నిర్ధారించడం నేడు విస్తరణ శాస్త్రవేత్తల నిత్యకృత్యం. పరిశోధన స్థానాల్లో ఇప్పటికే ఉన్న పాత డీఎస్ఎల్ఆర్ కెమెరాలను ఉంచుకోవాలా, వాటి స్థానంలో తేలికైన సూపర్‌జూమ్ కెమెరాలను తెచ్చుకోవాలా అన్న ప్రశ్న తరచుగా వస్తున్నది. 2008 నాటి నికాన్ డి90, 2018 నాటి కానన్ పవర్‌షాట్ ఎస్ఎక్స్740 హెచ్ఎస్ కెమెరాలను ఉదాహరణలుగా తీసుకొని, వెలుతురు, దూరం, సామీప్యం, రంగు, క్షేత్ర నిర్వహణ అనే ఐదు అంశాలలో ఈ వ్యాసం వాటిని పోల్చుతున్నది. రంగు, తక్కువ వెలుతురు, పునరావృత పరిశీలన ముఖ్యమైన చోట పాత కెమెరా, దూరం, తేలిక, కదలని సూక్ష్మ కీటకాలు ముఖ్యమైన చోట కొత్త కెమెరా మెరుగని తేలుతున్నది. చిత్రం తీసే క్రమశిక్షణ లోపిస్తే ఈ రెండింటిలో ఏదీ సరైన నిర్ధారణకు తోడ్పడదు.

కీలక పదాలు: క్షేత్ర ఛాయాచిత్రీకరణ, సమస్య నిర్ధారణ, డీఎస్ఎల్ఆర్, సూపర్‌జూమ్, పత్తి, ఆముదం, చల్క నేలలు

ఉపోద్ఘాతం

ఏరువాక కేంద్రంలోనో, కృషి విజ్ఞాన కేంద్రంలోనో పనిచేసే శాస్త్రవేత్త ఒక్క రోజులో మూడు నాలుగు మండలాలు తిరుగవలసి వస్తుంది. చేలో కనబడిన ప్రతి లక్షణానికీ అక్కడికక్కడే పేరు పెట్టడం సాధ్యం కాదు. తాను సస్యవిజ్ఞాన నిపుణుడైతే తెగుళ్ళ నిపుణుని, కీటక నిపుణుని అభిప్రాయం కోరక తప్పదు. ఆ నిపుణుడు మొక్కను చూడడు, చిత్రాన్ని చూస్తాడు. అతడు ఇచ్చే సలహా మీద రైతు మందు కొంటాడు, కూలీలను పెడతాడు. చిత్రంలో లోపం ఉంటే ఆ ఖర్చు రైతు మీద పడుతుంది. కావున కెమెరా ఎంపికను పరికరాల కొనుగోలు వ్యవహారంగా మాత్రమే చూడడం సరికాదు. అది నిర్ధారణ పద్ధతిలో భాగం.

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఒకే బృందం చూడవలసిన పరిస్థితులు ఎంతో భిన్నమైనవి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి, నల్లగొండ బత్తాయి తోటలు, ఎర్ర చల్క నేలల్లో పత్తి, కంది, ఆముదం, పాలమూరు బోర్ల కింద యాసంగి వేరుశనగ, కృష్ణా తీరాన నారాయణపేట ప్రాంతంలో జింకల బెడద ఇక్కడివే. దుబ్బు మొదట్లో దాగిన సుడిదోమనూ, వంద మీటర్ల దూరంలో మేసే కృష్ణజింకనూ ఒకే పరికరంతో చిత్రించాలంటే ఏదో ఒక చోట రాజీ తప్పదు. ఆ రాజీ ఎక్కడ చేసుకోవచ్చునో, ఎక్కడ చేసుకోరాదో తెలుసుకోవడమే ఈ వ్యాస ఉద్దేశం.

పోలికకు తీసుకున్న కెమెరాలు

నికాన్ డి90 కెమెరా 2008 ఆగస్టులో వెలువడింది. వీడియో తీయగలిగిన మొదటి డీఎస్ఎల్ఆర్ ఇదే. దీనితో పాటు సాధారణంగా వచ్చే 18–105 మి.మీ. లెన్స్‌ను ఇక్కడ లెక్కలోకి తీసుకున్నాము. కానన్ ఎస్ఎక్స్740 హెచ్ఎస్ 2018 జూలై చివరన ప్రకటించబడింది. చొక్కా జేబుకు కొంచెం బరువే గాని సంచిలో సులువుగా ఇమిడిపోతుంది. ఈ రెండూ తమ తమ తరగతులకు ప్రతినిధులు మాత్రమే. ఇతర నమూనాలున్నవారు ఇవే లెక్కలను తమ కెమెరా వివరాలతో వేసుకోవచ్చు.

పట్టిక 1. రెండు కెమెరాల ముఖ్య వివరాలు

| అంశం | నికాన్ డి90 (18–105 మి.మీ. లెన్స్‌తో) | కానన్ ఎస్ఎక్స్740 హెచ్ఎస్ |
|---|---|---|
| సెన్సర్ కొలత | 23.6 × 15.8 మి.మీ. | సుమారు 6.2 × 4.6 మి.మీ. |
| పిక్సెళ్ళ సంఖ్య | 12.3 మెగాపిక్సెల్ | 20.3 మెగాపిక్సెల్ |
| ఒక్క పిక్సెల్ వెడల్పు | సుమారు 5.5 మైక్రాన్లు | సుమారు 1.2 మైక్రాన్లు |
| జూమ్ (35 మి.మీ. ఫిల్మ్ కొలతలో) | 27–157 మి.మీ. | 24–960 మి.మీ. |
| గరిష్ఠ ద్వారం | ఎఫ్/3.5–5.6 | ఎఫ్/3.3–6.9 |
| రా ఫైల్ | ఉంది | లేదు |
| వీడియో | 1280 × 720 | 3840 × 2160 |
| బరువు | లెన్స్‌తో సుమారు 1.1 కిలో | సుమారు 300 గ్రాములు |
| ఒక ఛార్జికి చిత్రాలు (తయారీదారు లెక్క) | సుమారు 850 | సుమారు 265 |

పట్టికను పైపైన చూసినవారు 20 మెగాపిక్సెళ్ళ కెమెరాయే మేలని భావిస్తారు. పిక్సెళ్ళ సంఖ్య ఒక్కటే వివరాన్ని నిర్ణయించదని కింది అంశాలు తెలుపుతాయి.

వెలుతురు

డి90 సెన్సర్ వైశాల్యం సుమారు 373 చదరపు మి.మీ. ఎస్ఎక్స్740 సెన్సర్ వైశాల్యం సుమారు 28 చదరపు మి.మీ. అంటే ఒకే ద్వారం, ఒకే షట్టర్ వేగం వద్ద పాత కెమెరా సెన్సర్ మీద పదమూడు రెట్ల కాంతి పడుతుంది. చేను తడిసినప్పుడు పెద్ద గిన్నెలో ఎక్కువ వాన నీరు పడినట్లే ఇది. పదేళ్ళలో సెన్సర్ పరిజ్ఞానం మెరుగుపడింది. కొత్త కెమెరాలో వెనుక వైపు నుంచి కాంతిని గ్రహించే సెన్సర్ ఉన్నందున ఈ తేడా కొంత తగ్గుతుంది గాని పూర్తిగా తీరదు.

ఈ తేడా ప్రాధాన్యం ఆముదం చేలో తెలుస్తుంది. గెలల మీద బూజు తెగులు ఎడతెరిపి లేని ముసురులో, గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు వ్యాపిస్తుంది. అంటే మనం దానిని చిత్రించవలసిన రోజులన్నీ మబ్బు రోజులే. వెలుతురు చాలనప్పుడు చిన్న సెన్సర్ కెమెరా ఐఎస్ఓను పెంచుతుంది. దానివలన వచ్చే చుక్కలను తొలగించడానికి లోపలి సాఫ్ట్‌వేర్ చిత్రాన్ని నునుపు చేస్తుంది. బూజు తెగులును గుర్తించడానికి ఆధారమైన సన్నని బూడిదరంగు శిలీంధ్రపు నూగు ఆ నునుపులోనే కలిసిపోతుంది. తొలిదశలో తెగులు సోకిన కాయ, వానకు నాని రంగు మారిన కాయ ఒకే తీరుగా కనిపిస్తాయి. ఇటువంటి సందర్భాలలో పాత డీఎస్ఎల్ఆర్ చిత్రమే నమ్మదగినది. సూపర్‌జూమ్ తప్ప వేరే కెమెరా లేనప్పుడు జూమ్ వాడకుండా, దగ్గరకు వెళ్ళి, ద్వారం ఎఫ్/3.3 వద్ద ఉంచి తీయాలి.

దూరం

కొత్త కెమెరాకు పేరు తెచ్చిన గుణం 40 రెట్ల జూమ్. వంద మీటర్ల దూరంలోని దృశ్యాన్ని డి90 105 మి.మీ. వద్ద తీస్తే చిత్రం వెడల్పులో సుమారు 22.5 మీటర్ల మేర చేను కనిపిస్తుంది. ఎస్ఎక్స్740 పూర్తి జూమ్‌లో తీస్తే సుమారు 3.6 మీటర్ల మేర మాత్రమే కనిపిస్తుంది. ఒక మీటరు పొడవున్న జంతువు మొదటి చిత్రంలో 190 పిక్సెళ్ళు, రెండవ చిత్రంలో సుమారు 1,440 పిక్సెళ్ళు ఆక్రమిస్తుంది.

అయితే ఈ ఏడున్నర రెట్ల ఆధిక్యం పూర్తిగా చేతికి రాదు. ఇరుకైన ద్వారం గుండా వచ్చిన కాంతి వివర్తనం వలన బిందువుగా కాక చిన్న వలయంగా పడుతుంది. ఎఫ్/6.9 వద్ద ఆకుపచ్చ కాంతికి ఆ వలయం వ్యాసం సుమారు 9.3 మైక్రాన్లు. 1.2 మైక్రాన్ల పిక్సెళ్ళు ఎనిమిది పక్కపక్కన పేర్చినంత వెడల్పు అది. కావున పూర్తి జూమ్‌లో 20 మెగాపిక్సెళ్ళలో అధిక భాగం ఒకే సమాచారాన్ని పదే పదే నమోదు చేస్తాయి. ఈ పరిమితిని లెక్కలోకి తీసుకుంటే అసలు ఆధిక్యం సుమారు నాలుగు రెట్లకు దిగుతుంది. నాలుగు రెట్లు కూడా తక్కువేమీ కాదు. కంది చేలో మేసే జింకలు, పొద్దుతిరుగుడు మీద వాలే చిలుకలు, జొన్న కంకులను తినే పిట్టలు, వీటన్నిటినీ బెదరగొట్టకుండా గట్టు మీద నుంచే నమోదు చేయడానికి 18–105 మి.మీ. లెన్స్ సరిపోదు.

మెట్ట ప్రాంతంలో మరొక జాగ్రత్త అవసరం. ఎండ ముదిరిన తరువాత ఎర్ర నేల మీది గాలి మరిగినట్లు కదులుతుంది. ఆ వేళ దూరపు చిత్రాలు ఎంత మంచి లెన్స్‌తో తీసినా అలలు తేలినట్లు వస్తాయి. ఉదయం తొమ్మిది గంటల లోపు గాని, సాయంత్రం ఎండ తగ్గిన తరువాత గాని తీయడం మంచిది. మోనోపాడ్ లేకపోతే కెమెరాను పొలం కంచె రాతి మీద ఆనించాలి.

సామీప్యం

విస్తరణ శాస్త్రవేత్తకు దూరపు చిత్రాల కంటే దగ్గరి చిత్రాల అవసరమే ఎక్కువ. డి90 తో వచ్చే లెన్స్ 45 సెం.మీ. కంటే దగ్గరగా ఫోకస్ చేయలేదు. అత్యధికంగా అది వస్తువును ఐదో వంతు పరిమాణంలో సెన్సర్ మీద చూపుతుంది. అంటే చిత్రం వెడల్పులో 118 మి.మీ. పడుతుంది. ఒక్క మిల్లీమీటరుకు 36 పిక్సెళ్ళు. మిల్లీమీటరు పొడవుండే తెల్లదోమ ఉన్నదని తెలుస్తుంది గాని రెక్కల తీరు తెలియదు. 67 మి.మీ. మరకు సరిపోయే +4 శక్తి గల క్లోజప్ లెన్స్‌ను ముందు బిగిస్తే, 105 మి.మీ. వద్ద మిల్లీమీటరుకు సుమారు 76 పిక్సెళ్ళు వస్తాయి. పాత కెమెరాను తిరిగి పనిలోకి తేవడానికి ఇది చౌకైన మార్గం.

ఎస్ఎక్స్740 వైడ్ కొసన లెన్స్ ముందు నుంచి ఒక సెంటీమీటరు దూరంలో కూడా ఫోకస్ చేస్తుంది. పైగా చిన్న సెన్సర్ వలన ఫోకస్ లోతు ఎక్కువ. ఒకే దృశ్యాన్ని తీసినప్పుడు దాని ఎఫ్/3.3 డి90 లోని ఎఫ్/12 తో సమానమైన లోతును ఇస్తుంది. వంకర తిరిగిన పత్తి ఆకు మీద పిండినల్లి గుంపు, పేనుబంక, పురుగు గుడ్లు, ఇవి ముందు నుంచి వెనుక వరకు స్పష్టంగా వస్తాయి. వరి దుబ్బుల మధ్యకు చేయి దూర్చి సుడిదోమను తీయడానికి కూడా ఈ చిన్న కెమెరాయే అనువు.

దీనికీ పరిమితి ఉంది. సెంటీమీటరు దూరానికి తెచ్చిన లెన్స్ నీడ ఆకు మీద పడుతుంది, ఫ్లాష్ కాంతిని అదే అడ్డుకుంటుంది. తెల్లదోమ, పచ్చదోమ పెద్ద పురుగులు ఆ కదలికకే ఎగిరిపోతాయి. కదిలే కీటకాలను కొంత దూరం నుంచి డీఎస్ఎల్ఆర్‌తో, కదలని వాటిని దగ్గర నుంచి సూపర్‌జూమ్‌తో తీయడం ఉత్తమం. నీడను తెల్ల కాగితంతో గాని, చిన్న టార్చితో గాని సరిచేసుకోవచ్చు.

రంగు

నిర్ధారణలో చాలా పొరపాట్లు రంగు దగ్గరే జరుగుతాయి. కెమెరా వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో ఉంచితే అది దృశ్యంలోని రంగులన్నిటి సగటును చూసి సర్దుబాటు చేస్తుంది. చల్క నేలలో ఆకుల మధ్య ఎర్రమట్టి విస్తారంగా కనిపించినప్పుడు కెమెరా ఆ ఎరుపును దీపకాంతి దోషంగా భావించి, చిత్రాన్ని నీలం వైపు జరుపుతుంది. నల్లరేగడిలో తీసిన పత్తి ఆకు, చల్కలో తీసిన పత్తి ఆకు ఒకే పచ్చదనంతో ఉన్నా చిత్రాలలో వేరుగా కనిపించడానికి ఇదే కారణం.

ఈ విషయాన్ని నేను పొరపాటు చేసి నేర్చుకున్నాను. మహబూబ్‌నగర్ పరిసరాలలోని ఒక పత్తి చేలో ఆకులు ఎర్రబారుతున్నాయని రైతు చూపించగా, చీకటి పడుతున్న వేళ సూపర్‌జూమ్ కెమెరాతో పై నుంచి రెండు చిత్రాలు తీసుకొని తిరిగివచ్చాను. రాత్రి కంప్యూటర్ మీద చూసినప్పుడు ఆ ఎరుపు ఊదారంగులో కనిపించింది. ఈనెలు పచ్చగా ఉన్నట్లు తోచింది. మెగ్నీషియం లోపమని తేల్చి, లీటరు నీటికి 10 గ్రాముల చొప్పున మెగ్నీషియం సల్ఫేట్ పిచికారీ చేయమని చెప్పాను. వారం తరువాత వెళ్ళి ఆకు తిప్పి చూస్తే అడుగున పచ్చదోమ పిల్లలు ఏటవాలుగా నడుస్తున్నాయి. ఆకుల అంచులు పసుపు బారి, ఎర్రబడి, కిందికి ముడుచుకొని ఉన్నాయి. రైతు నన్ను ఏమీ అనలేదు. "సార్, ఆ రోజే ఆకు తిప్పి చూడకపోతిరి" అని మాత్రం అన్నాడు. ఒక పిచికారీ ఖర్చు, ఒక వారం కాలం అతడు నష్టపోయాడు.

ఈ పొరపాటులో కెమెరా పాలు కొంతే. రా ఫైల్ ఇచ్చే డి90 తో తీసి ఉంటే, పక్కన తెల్ల కాగితం ఉంచి ఉంటే, రంగును తరువాత సరిచేసుకునే వీలుండేది. ఎస్ఎక్స్740 జేపీఈజీ మాత్రమే ఇస్తుంది కనుక తీసే ముందే వైట్ బ్యాలెన్స్‌ను తెల్ల కాగితం మీద స్థిరపరచుకోవాలి. కాని అసలు లోపం ఆకు అడుగు భాగాన్ని చిత్రించకపోవడం. అది ఏ కెమెరాతోనైనా చేయగలిగిన పని. వేరుశనగ తిక్క ఆకుమచ్చ తెగుళ్ళలో కూడా ఇంతే. ముందుగా వచ్చే మచ్చ చుట్టూ పసుపు వలయం ఆకు పైన కనిపిస్తుంది, ఆలస్యంగా వచ్చే మచ్చ నలుపు ఆకు అడుగున తెలుస్తుంది. రెండు వైపుల చిత్రాలు లేకపోతే రెండింటినీ విడదీయలేము.

క్షేత్ర నిర్వహణ

మోటారు సైకిలు మీద గ్రామాలు తిరిగే శాస్త్రవేత్తకు బరువు చిన్న విషయం కాదు. కిలో పైబడిన కెమెరా చాలాసార్లు కార్యాలయపు బీరువాలోనే ఉండిపోతుంది. చేతిలో ఉన్న 300 గ్రాముల కెమెరా బీరువాలోని కెమెరా కంటే ఎప్పుడూ మేలైనదే. రైతుతో ముఖాముఖి, పనిముట్ల ప్రదర్శన వంటి వీడియోలకు కూడా కొత్తదే ఎన్నుకోదగినది. డి90 వీడియో తీస్తున్నప్పుడు తనంతట తాను ఫోకస్ మార్చుకోలేదు. చిత్రాలను వై-ఫై ద్వారా వెంటనే ఫోనుకు పంపే సౌకర్యం సూపర్‌జూమ్‌లో ఉంది.

పాత కెమెరాకు కంటితో చూసే వ్యూఫైండర్ ఉన్నందున మిట్టమధ్యాహ్నపు ఎండలోనూ దృశ్యం తెలుస్తుంది. ఎస్ఎక్స్740 కు తెర మాత్రమే ఉండటం వలన ఎండలో తెర కనబడక, ఫోకస్ తప్పిన సంగతి ఇంటికి వచ్చాక గాని తెలియదు. దుమ్ము రెండింటికీ శత్రువే. డీఎస్ఎల్ఆర్ లెన్స్‌ను చేలో మార్చరాదు. సూపర్‌జూమ్ లెన్స్ గొట్టం బయటికి చాచి ఉండగా దుమ్ములో తిప్పరాదు, లోపలికి చేరిన దుమ్మును మనం తుడవలేము.

మొబైల్ ఫోను ఉండగా ఈ చర్చ ఎందుకని విద్యార్థులు అడుగవచ్చు. మొక్క మొత్తం, ఆకు మొత్తం చిత్రాలకు నేటి ఫోను చాలును. జింకల దూరానికి, సీజను పొడవునా ఒకే లెన్స్‌తో జరపవలసిన కొలతలకు అది చాలదు.

పాటించవలసిన విధానం

కెమెరా ఏదైనా కింది క్రమాన్ని తప్పక పాటించాలి.

1. ప్రతి సమస్యకు కనీసం నాలుగు చిత్రాలు తీయాలి: చేను మొత్తం, మొక్క మొత్తం, ఆకు పై భాగం, ఆకు అడుగు భాగం. కాయ, గెల, వేరు లక్షణాలున్నచోట వాటిని కోసి లోపలి భాగం కూడా తీయాలి.

2. ఆరోగ్యంగా ఉన్న ఆకును పక్కన ఉంచి ఒక చిత్రం తీయాలి. రంగు భేదాన్ని చూపడానికి ఇంతకంటే మంచి ప్రమాణం లేదు.

3. కొలతకు మి.మీ. గీతలున్న స్కేలునే వాడాలి. నాణెం వాడరాదు. పాత స్టీలు రూపాయి 25 మి.మీ., 2011 నుంచి వచ్చిన రూపాయి 22 మి.మీ. వ్యాసం కలవి. ఏది వాడామో మరచిపోతే పొడవులో 12 శాతం తప్పు వస్తుంది.

4. మొదటి చిత్రంగా గ్రామం, పంట, రకం, విత్తిన తేదీ, తీసిన తేదీ రాసిన తెల్ల కాగితాన్ని తీయాలి. వైట్ బ్యాలెన్స్‌కు కూడా అదే కాగితం పనికివస్తుంది.

5. నిపుణునికి వాట్సాప్‌లో పంపేటప్పుడు సాధారణ చిత్రంగా కాక డాక్యుమెంటుగా పంపాలి. సాధారణ పద్ధతిలో చిత్రం బాగా కుదించబడి, సూక్ష్మ వివరాలు పోతాయి.

6. చేలో ఉండగానే తీసిన ప్రతి చిత్రాన్ని పెద్దది చేసి చూసుకోవాలి.

విద్యార్థులకు అభ్యాసం

తమ వద్ద ఉన్న కెమెరా సామర్థ్యాన్ని విద్యార్థులు తామే తెలుసుకోవచ్చు. మి.మీ. స్కేలును బల్ల మీద ఉంచి, కెమెరా ఫోకస్ చేయగలిగినంత దగ్గర నుంచి చిత్రం తీయాలి. కంప్యూటర్‌లో 10 మి.మీ. మేర ఎన్ని పిక్సెళ్ళు పట్టినవో చూసి, పదితో భాగించాలి. వచ్చినది మిల్లీమీటరుకు పిక్సెళ్ళ సంఖ్య. తామర పురుగు, తెల్లదోమ వంటి మిల్లీమీటరు కీటకాలను గుర్తించడానికి ఈ సంఖ్య కనీసం 50 ఉండాలన్నది నా అనుభవం. ఇదే పరీక్షను జూమ్ వివిధ స్థాయిలలో, మబ్బు వేళ, మధ్యాహ్నం ఎండలో చేసి ఫలితాలను పట్టికగా రాయాలి. తయారీదారు చెప్పే మెగాపిక్సెళ్ళకు, చేలో వచ్చే వివరానికి గల భేదం అప్పుడు అర్థమవుతుంది.

ముగింపు

వానాకాలం మొత్తం ఒకే మడిని పదిహేను రోజులకొకసారి ఒకే ఎత్తు నుంచి తీసి పైరు ఆవరించిన విస్తీర్ణాన్ని పోల్చే పనికి, ఆముదం బూజు, పత్తి ఆకు రంగు వంటి సున్నిత లక్షణాలకు పాత డీఎస్ఎల్ఆర్ నేటికీ సరిపోతుంది. పదిహేనేళ్ళు దాటినదన్న కారణంతో దానిని కాలం చెల్లిన వస్తువుల జాబితాలో చేర్చడం తొందరపాటు. మధ్యలో కెమెరా మారిస్తే ముందటి సీజన్ల చిత్రాలతో పోలిక కూడా చెడుతుంది. రోజువారీ పర్యటనకు, దూరపు జంతువులకు, దుబ్బుల లోపలి పురుగులకు, వీడియోకు తేలికైన సూపర్‌జూమ్‌ను సంచిలో ఉంచుకోవాలి. రెండూ ఉన్న కేంద్రాలు పనిని బట్టి వాటిని పంచుకోవాలి. ఒక్కటే ఉన్నవారు దాని బలహీనత ఎక్కడ ఉన్నదో తెలుసుకొని, అక్కడ చిత్రాన్ని నమ్మకుండా నమూనాను ప్రయోగశాలకు తేవాలి.

కొత్త కెమెరా కోసం ప్రతిపాదన రాసే ముందు ప్రతి కేంద్రంలో పాత కెమెరాను బీరువా నుంచి తీసి, బ్యాటరీ ఛార్జి చేసి, పైన చెప్పిన స్కేలు పరీక్ష జరపవలసిందిగా సూచన. సంచిలో ఏ కెమెరా ఉన్నా దానితో పాటు ఒక స్కేలు, ఒక తెల్ల కాగితం ఉండాలి. చేలోకి దిగిన తరువాత మొదట ఆకు తిప్పి చూడాలి, ఆ తరువాతనే చిత్రం తీయాలి.